ఐదు కనుమల మకుటం

కత్తి మొన గొంతుకు ఆనుకుని ఉండగా కూడా అంత ధారాళంగా మాట్లాడగల మనిషిని మేఖల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అమ్మాయ్, పొడిస్తే పొడువు. ఈ ఉన్ని అంగీ మీద మాత్రం నెత్తురు పడనివ్వకు. దీన్ని కుట్టించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది" అన్నాడు వాడు, బండరాయికి వీపు ఆనించి, చేతులు రెండూ పైకెత్తి.

వాడి పేరు భృంగి. ఊరూరా తిరిగి వేషాలు కట్టి పొట్ట పోసుకునే బహురూపి. పంచశృంగ రాజధానికి దిగే కొండదారిలో, కంచరగాడిదను పొదకు కట్టేసి, బండ చాటున కూర్చుని అటుకులు నములుతుండగా మేఖల పైనుంచి వాడి మీదకు దూకింది. దూకడానికి కారణం వాడి వేషం. గాలికనుమ ఆడవాళ్ళు తొడిగే ఎర్ర ఉన్ని అంగీ, నడుముకు చారల పట్టీ, జడకు చమరీమృగపు తెల్లవెంట్రుకల కుచ్చులు, ముక్కుదాకా కప్పే ముసుగు. ముసుగు కింద మాత్రం నిన్న గీసిన గడ్డం.

"ఎవరి వేషంరా ఇది?" అంది మేఖల పళ్ళు బిగించి.

"గాలికనుమ పెద్దగారి కూతురు మేఖలట. కోటలో ఆ పిల్లగా నిలబడి ఒక్క మాట అంటే కూలి ఇస్తామన్నారు. పాపం, తండ్రితో పాటు మంచుపెళ్ళల కింద పడి పోయిందట. చచ్చినవాళ్ళ వేషం కట్టడమంత సుఖం ఇంకోటి లేదమ్మాయ్. వచ్చి తప్పులు పట్టరు గదా!"

"వచ్చాను."

భృంగి ఎత్తిన చేతులు దించకుండానే ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు.

కత్తిని అక్కడే ఉండనిచ్చి, సంగతేమిటో చెప్పుకుందాం. పంచశృంగానికి ఐదు కనుమలు. పూర్వం ఆ కనుమల వాళ్ళు ఒకరి మందల్ని ఒకరు తోలుకుపోతూ, ఒకరి తలలు ఒకరు నరుక్కుంటూ కాలక్షేపం చేసేవారు. ఆ గోల పడలేక ఒక మహాశిల్పి అందరికీ కలిపి ఒకే మకుటం చేశాడు. రాగిరేకును సాగగొట్టి, తామరరేకుల్లా మలిచి, పాదరసంతో బంగారు మలాము పెట్టి, కనుమకో రాయి చొప్పున పొదిగాడు. పగడం, స్ఫటికం, గోమేదికం, రాజావర్తం, పేరోజా. ఒక్క వజ్రం లేదు, ఒక్క కెంపు లేదు. కంసాలి దగ్గర మిగిలిపోయిన రాళ్ళని పొరుగు రాజులు నవ్వేవారు. నవ్వుతూనే వణికేవారు కూడా. ఎందుకంటే ఐదు రాళ్ళూ ఉన్న ఆ మకుటాన్ని ఎత్తుకున్న తల ఏ మాట అంటే, విన్నవాళ్ళందరూ అది చేసి తీరాల్సిందే.

శిల్పి వెర్రివాడు కాడు. అంత శక్తి ఒక్క నోటికి దొరికితే ఏమవుతుందో ఎరిగినవాడు. అందుకని కట్టుబాట్లు పెట్టాడు. రాజు నోటికి పట్టుగుడ్డ కట్టుకుని గానీ మకుటం ధరించరాదు. ధరించే ముందు ఐదు కనుమల పెద్దలూ తమ తమ రాళ్ళ మీద బొటనవేలు ఆనించి "ఉంచాం" అనాలి. రాజు నచ్చని కనుమ తన రాయిని పెరుక్కుని పోవచ్చు. ఒక్క రాయి పోయిందా, అది ఉత్త రాగిడిప్ప. ఎక్కిన మకుటం తల దిగాలన్నా ఆ ఐదుగురే వచ్చి "దించాం" అనాలి.

ముసలిరాజు బిడ్డలు లేకుండానే కన్నుమూశాడు. ఆయనకు మందులు నూరిపోసిన మాంత్రికుడు ధూమకంఠుడు ఖాళీ సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. నలుగురు పెద్దలు హడలిపోయి తలలూపారు. గాలికనుమ పెద్ద ఒక్కడే, "నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ మాట అనను" అని కబురంపాడు. మర్నాడు ఎండ కాస్తుండగా ఆయన మీద మంచుచరియ విరిగిపడి కనుమ మూసుకుపోయింది. మేఖల తండ్రిని చేతులతో తవ్వి తీసింది. చితి పేర్చింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే మంచుగోడ ఎక్కి ఇవతలికి దిగింది.

ఇప్పుడామే గాలికనుమ పెద్ద. మధ్యాహ్నం పట్టాభిషేకం. ధూమకంఠుడు మకుటం పెట్టుకునేలోపు తన కనుమదైన పేరోజా రాయిని ఊడబెరకాలి. లేకపోతే ఐదు కనుమల నోళ్ళూ చేతులూ ఇక వాడివే.

భృంగి అంతా విని, గొంతు మీది కత్తిని చూపుడువేలితో మెల్లగా పక్కకు నెట్టాడు.

"అంటే, ఆ మకుటం వాడి నెత్తికెక్కితే నన్ను ఏడవమంటే ఏడవాలి, నవ్వమంటే నవ్వాలి?"

"కుక్కలా మొరగమంటే మొరగాలి."

"మొరగడానికి నాకేం నామోషీ లేదు తల్లీ. సంతల్లో మొరిగాను. కానీ మొరగాలని నాకు తోచి మొరిగాను!" వాడి ముఖం నిజంగానే ఎర్రబడింది. "ఏ వేషం కట్టాలో ఎంచుకోవడం ఒక్కటే నాకున్న ఆస్తి. దాని మీద చెయ్యేస్తాడా వాడు? పద. నా వేషం నువ్వు కట్టు."

అలా మేఖల తన వేషం కట్టినవాడి వేషం కట్టింది. భృంగి సంచిలోంచి ఒక పంచె, తలపాగా, బుర్రమీసం తీసి సేవకుడయ్యాడు. దారి పొడుగునా ఆమెకు పాఠాలు.

"అలా కాదమ్మాయ్! గాలికనుమ వాళ్ళు ఎదురుగాలిలో నడిచినట్టు తల కాస్త వంచి, భుజం ముందుకు తోసి నడుస్తారు. పొగరు కనబడాలి. నీ నడకలో ఆ కళ లేదు."

"నేను పుట్టింది అక్కడే మామా."

"పుడితే చాలా? సాధన ఉండాలి."

మేఖల నవ్వాపుకుంది. రొమ్ము దగ్గర దాచుకున్న ఆకుపొట్లం చేతికి తగిలింది. అందులో నాయనమ్మ ఇచ్చిన వెన్నముద్ద ఉంది. గాలికనుమ పెద్ద ఎవరైనా సరే, తన రాయిని తాకినప్పుడు దానికి చమరీమృగపు వెన్న రాయాలి. తరతరాలుగా అదే ఆనవాయితీ. "మన రాయిని ముక్కుతో వెతకాలే, కంటితో కాదు" అంది నాయనమ్మ. ముసలితనం, చాదస్తం అనుకుంది మేఖల. గాలికనుమ పాటలన్నింటిలోనూ ఆ రాయి ఆకాశమంత నీలం. పాటలు పాడే కుర్రకారులో ఎవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

కోట వాకిట కంచుకుక్క కూర్చుని ఉంది. ఏనుగు గున్నంత కుక్క. ధూమకంఠుడు మంత్రించి నిలిపిన కాపలా. మారువేషం వేసుకున్న మనిషి దగ్గరకొస్తే చాలు, గంటలు మోగినట్టు మొరుగుతుంది. మేఖల ముసుగు సర్దుకుని దాని ముందుకు వచ్చింది. కంచుముక్కు ఆమె అంగీని వాసన చూసింది, జడకుచ్చులు వాసన చూసింది. చూసి, ఆవులించి, తల ముంగాళ్ళ మీద పెట్టుకుంది.

ద్వారపాలకుల నాయకుడు కనుబొమలు ముడిచాడు. "ఏమిటిది? రావలసినవాడు బహురూపి అని ప్రభువులు చెప్పారే. వేషగాడిని చూసి ఇది మొరగాలి గదా!"

ఔరా, ఏమి చిత్రం! ఇన్నాళ్ళూ ఆ వాకిట దొంగలు పట్టుబడ్డారు. ఇవాళ నిజమైన మనిషి నిజమైనందుకే పట్టుబడేలా ఉంది. నాయకుడి చెయ్యి కత్తి పిడి మీదకు పోయింది.

సరిగ్గా అప్పుడు భృంగి అడుగు ముందుకు వేసి, వంగి, మేఖల అంగీ అంచుకు అంటిన దుమ్ము దులపసాగాడు. బుర్రమీసం వాసన ముక్కుకు తగలగానే కంచుకుక్క ఎగిరి లేచింది. ఖంగున మొరిగింది. కోటగోడల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"ఆఁ, మొరిగింది" అన్నాడు నాయకుడు చెయ్యి దించి. మేఖలను ఎగాదిగా చూసి మెచ్చుకున్నాడు కూడా. "భలే కట్టావురా వేషం! అచ్చం ఆడపిల్లవే. ఆ నడక మాత్రం కాస్త చూసుకో."

"నేనూ అదే చెబుతున్నాను బాబూ" అన్నాడు భృంగి.

సభామంటపం ఆ రోజు కళ్ళు చెదిరేలా ఉంది. దేవదారు స్తంభాలకు చీనాంబరాలు చుట్టారు. కప్పు నుంచి వేలాడే వెండి గంటలు చిరుగాలికి గలగలమంటున్నాయి. నిలువెత్తు కుంపట్లలో గుగ్గిలం, అగరు మండుతున్నాయి. పగడపు పేరులు వేసుకున్న సముద్రదారి వర్తకులు, గొర్రెతోలు టోపీల గనికార్లు, చంకన బిడ్డలతో ఆడవాళ్ళు, సన్నాయిలు పట్టుకున్న మేళగాళ్ళు, ఇసుక వేస్తే రాలనంత జనం. వీటన్నింటి నడుమ, ఎర్రపట్టు దిండు మీద మకుటం. కొత్తగా మలాము పెట్టించారేమో, తామరరేకులు ఒక్కొక్కటీ అప్పుడే కరిగించి పోసిన బంగారంలా ధగధగలాడుతున్నాయి. ముందురేకు నడిమధ్య పేరోజా రాయి ఆకాశమంత నీలంగా మెరుస్తోంది.

మేఖల కళ్ళు వెతికింది మరొకటి. బంగారు పళ్ళెంలో పట్టుగుడ్డ ఉండాలి. పళ్ళెం ఖాళీ. నోరు కట్టుకునే ఉద్దేశం ధూమకంఠుడికి లేదు.

వాడు సింహాసనం ముందు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి సన్నగా పొగ వస్తుంది. చేతిలో నల్లటి మంత్రదండం. నలుగురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. పగడం మీద ఒక ముడతల బొటనవేలు, "ఉంచాం". స్ఫటికం మీద ఒకటి, "ఉంచాం". ఆ గొంతులు మరీ అంత నీరసంగా వినిపించేసరికి మేఖలకు ఒళ్ళు మండింది.

"గాలికనుమ!" అని పిలిచాడు ధూమకంఠుడు, కూలికి తెచ్చుకున్న బహురూపిని చూస్తున్నాననుకుని చిరునవ్వుతో.

మేఖల మెట్లెక్కింది. బొటనవేలు ఆనించింది. ముసుగు తొలగించింది.

"గాలికనుమ పెద్దను నేను. మా నాన్నను చంపినవాడికి నా రాయి ఉంచను!"

కత్తిమొన రాయి కిందకు దూర్చి ఒక్క పెకలింపు. నీలంరాయి ఎగిరి చలువరాతి నేల మీద పడింది. పడి, గాజుపెంకుల్లా భళ్ళున పగిలింది.

ధూమకంఠుడు నవ్వాడు. నవ్వు వెంట పొగ మేఘంలా లేచింది.

"రాయి అలా పగులుతుందటే పిల్లా? అది గాజు! మీ రాయి ఎక్కడ ఉండాలో అక్కడ భద్రంగా ఉంది. జిడ్డోడుతూ పచ్చబడిపోయిన ఆ రాయిని నా నుదుటి మీద ఊరేగిస్తానా? పెరుక్కోండి, ఎన్ని గాజులు పెరుక్కుంటారో!" భటుల వైపు తిరిగాడు. "పట్టుకోండి దీన్ని."

భటులు కదిలారు. మేఖల కాళ్ళ దగ్గర గాజుపెంకులు, గుండెలో అంతులేని అవమానం. తను చేసిన పొరపాటు గాలికనుమ వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యనిది. పాటను నమ్మింది!

అప్పుడు ముక్కుకు ఏదో తగిలింది. గుగ్గిలం కాదు, అగరు కాదు. పాతబడిన వెన్న కంపు. ఇంట్లో నాయనమ్మ గది వాసన. మకుటం పక్కనే మండుతున్న కుంపటి సెగకు, ముందురేకు లోపలి వైపు అతుకులోంచి సన్నటి నూనెచార ఒకటి జారుతోంది. తరతరాల బొటనవేళ్ళు రాసిన వెన్న కరుగుతోంది. రాయి ఎక్కడికీ పోలేదు. ముందురేకు వెనక, కొత్త రేకు వేసి అతికిన అరలో ఉంది. ఐదు రాళ్ళూ మకుటంలోనే ఉన్నాయి!

ఆ అతుకు విప్పే వ్యవధి లేదు. భటుల ఈటెలు వీపు దాకా వచ్చాయి. ధూమకంఠుడి చెయ్యి మకుటం మీదకు వస్తోంది. మేఖల ఆలోచించలేదు. కత్తి నడుమున దోపి, ఆకుపొట్లం చించి, వెన్నముద్దను ఆ అతుకు మీద బొటనవేలితో ఒత్తి, "మా రాయిని మేం ఉంచాం! నీ కోసం కాదు!" అని అరిచి, మకుటాన్ని రెండు చేతులా ఎత్తి తన తల మీదే పెట్టుకుంది.

భటుల ఈటెలు గాలిలోనే నిలిచిపోయాయి. వెండి గంటలు కూడా ఆగాయి.

"నీ దండం విరిచెయ్!" అంది మేఖల మాంత్రికుడి కళ్ళలోకి చూస్తూ.

ధూమకంఠుడి చేతులు మొరాయించాయి. అయినా లేచాయి. నల్లదండం మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచాడు. మేఖల గుండె పొంగింది. "నాన్నా, చూశావా!" అనుకుంది. ఆ సంతోషం పట్టుమని ఒక్క క్షణం నిలవలేదు.

ఫెళ్ళు, ఫెళ్ళు, ఫెళ్ళు. మంటపమంతా అదే చప్పుడు. పగడపు కనుమ పెద్దాయన తన ఊతకర్ర విరిచాడు. మేళగాళ్ళు సన్నాయిలు విరిచారు. భటులు ఈటెలు విరిచారు. మాట విన్న ప్రతివాళ్ళూ చేతిలో ఉన్నది విరుస్తున్నారు. స్తంభం పక్కన నిలబడ్డ ఒక తల్లి చేతిలో కర్ర లేదు, తన బిడ్డ చెయ్యి ఉంది. ఆమె కళ్ళు శూన్యంగా ఉన్నాయి. రెండో చెయ్యి మెల్లగా ఆ చిట్టి మోచేతి మీదకు వస్తోంది.

"వద్దు! ఆగండి!" అని కేక పెట్టింది మేఖల.

అందరూ ఆగిపోయారు. ఊపిరి కూడా ఆగిపోయింది. వందల ముఖాలు కొయ్యబారి ఆమెనే చూస్తున్నాయి. భృంగి ముఖం నల్లబడుతోంది. కత్తి మొన ముందు కూడా వాగుడాపని ఆ మనిషి, నోరు సగం తెరిచి, అక్షరం లేకుండా చచ్చిపోతున్నాడు.

మకుటం కణతలకు వెచ్చగా హత్తుకుని ఉంది. ఇంకా చెప్పు, ఇంకొక్క మాట చెప్పు అన్నట్టుంది. మాంత్రికుణ్ణి చావమంటే చస్తాడు. వాడితో పాటు ఈ బిడ్డ కూడా చస్తుంది. ఇదా ధూమకంఠుడు కోరుకున్నది? ఛీ! ఇది వాడికే కాదు, ఎవరికీ ఉండకూడదు. తనకు అసలే ఉండకూడదు.

"వినండి!" ఆమె గొంతు కప్పు అదిరేలా లేచింది. "ఇకనుంచి ఎవరి ఆజ్ఞకూ మీరు కట్టుబడి లేరు! నా ఆజ్ఞకు కూడా!"

మకుటం సుత్తి దెబ్బ తిన్న గంటలా ఖణేలుమంది. వందల గొంతులు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాయి. తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని బావురుమంది. భటుల్లో సగం మంది విరిగిన ఈటెలు అక్కడే పారేసి ఇంటిదారి పట్టారు.

"అమ్మాయ్" అన్నాడు భృంగి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "నోట మాట లేకపోవడం ఇంత ఘోరంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే!"

కానీ విడుదల అందరికీ వచ్చింది, ధూమకంఠుడికి కూడా. దండం పోయినా వాడికి నాలుక మిగిలింది. నోరు తెరిచి పొగ కక్కాడు. ఆ పొగ నలుగురు పెద్దలనూ చుట్టేసింది. పొగ విడేసరికి పెద్దలు లేరు, నాలుగు బూడిదరంగు పావురాలు నేల మీద తపతప కొట్టుకుంటున్నాయి. వాటిని ఒడిసిపట్టి సంచిలో వేసుకుని మాంత్రికుడు గవాక్షం ఎక్కాడు.

"పిచ్చిదానా! ఐదుగురూ 'దించాం' అంటే గానీ అది నీ తల దిగదు. నలుగురు నా సంచిలో ఉన్నారు. నిద్రలోనో, కోపంలోనో, ప్రాణభయంతోనో బయటివాళ్ళ ముందు ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతావు. జారి, రుచి మరుగుతావు. ఆనాడు నీకూ నాకూ తేడా ఉండదు!" నల్లరెక్కలు విప్పిన పొగ మీద వాడు ఉత్తరపు కొండల వైపు సాగిపోయాడు.

మేఖల మకుటాన్ని రెండు చేతులా పట్టి లాగింది. వెంట్రుకంత కూడా కదల్లేదు. "పద, ఆ పావురాలు దొరికితే గానీ ఇది దిగదు" అని భృంగి ఆమె చెయ్యి పట్టుకుని పరుగు తీశాడు. వెనకవాకిలి దాటి, గుర్రపుసాలల పక్కగా, కోటను ఉత్తరపు కొండలతో కలిపే తాళ్ళ వంతెన దగ్గరకు చేరారు. కింద పాతాళమంత లోతున మంచునది హోరుమంటోంది.

వంతెన అవతలి కొస నుంచి కావలి దండు పరుగున వస్తోంది. మంటపంలో లేనివాళ్ళు, మేఖల మాట విననివాళ్ళు. ధూమకంఠుడి జెండా, ఎండలో మెరిసే కత్తులు. ముందున్నవాడికి ఇంకా నూనూగు మీసాలే.

"ఒక్క మాట అను, అందరూ ఆగిపోతారు" అన్నాడు భృంగి. అని, నాలుక కరుచుకున్నాడు.

ఆ మాట అప్పటికే మేఖల నాలుక చివర ఉంది. ఆగండి. ఎంత చిన్న మాట! కణతల దగ్గర మకుటం వెచ్చగా తొందర పెడుతోంది. అంటే వాళ్ళ ఊపిరి ఆగుతుంది. దారి దొరుకుతుంది. ధూమకంఠుడు చెప్పినదే అవుతుంది.

ఆమె నడుముకున్న చారల పట్టీని ఒక్క లాగుకు విప్పింది. నోటికి అడ్డంగా చుట్టి, తల వెనక ముడి వేసి, పంటితో కొరికి బిగించింది. ఒకప్పుడు రాజులు కట్టుకున్నది పట్టుగుడ్డ. గాలికనుమలో పట్టు లేదు, ఉన్ని ఉంది.

భృంగి ఆమెను చూశాడు. కింద హోరుమంటున్న నదిని చూశాడు. దారిలో దొరికిన పల్లకి బొంగు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే ఇకనుంచి మాటలన్నీ నేనే మాట్లాడాలన్నమాట. ఫరవాలేదు, అలవాటే!"

మేఖల కత్తి దూసింది. మకుటం బరువుకు తల కాస్త వంచి, ఎదురుగాలికి భుజం ముందుకు తోసి, ఊగే వంతెన మీద అడుగు పెట్టింది.

"అదీ!" అని అరిచాడు భృంగి వెనకాలే పరుగెడుతూ. "అదీ గాలికనుమ నడకంటే!"